సర్రేలో నాన్నగారి డైరీ

మా వీధిలో ఉదయం ఆరున్నరకు తలుపులన్నీ దాదాపు ఒకేసారి తెరుచుకుంటాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. చేతిలో కాఫీ, భుజాన సంచి, ముఖాన ఇంకా వదలని నిద్ర. అందరి నడకా వోకింగ్ స్టేషను వైపే. ప్లాట్‌ఫారం మీద ఎవరి చోటు వారిది. బండి ఆగినప్పుడు తలుపు సరిగ్గా ఎక్కడికి వస్తుందో ఏళ్ళ తరబడి నిలబడి కనిపెట్టుకున్న చోటు అది. నా పక్కన నిలబడే పెద్దమనిషిని పదకొండేళ్ళుగా చూస్తున్నాను. ఆయనకు జలుబు చేస్తే నాకు తెలుస్తుంది, గొడుగు మారిస్తే తెలుస్తుంది. పేరు మాత్రం తెలియదు. అరగంటలో లండనులోని వాటర్లూ స్టేషను. సాయంత్రం మళ్ళీ అదే ఊరేగింపు, ఈసారి ఇంటి వైపు.

సర్రే కౌంటీ అంటే నాకు తెలిసింది ఇంతే. లండనుకు ఆనుకుని నైరుతి దిక్కుగా పరుచుకుని, పగలు ఖాళీ అయి రాత్రికి నిండే చోటు. ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మొదటి ప్రశ్న స్టేషనుకు ఎన్ని నిమిషాల నడక అని. బడి, తోట, ఇరుగుపొరుగు అన్నీ ఆ తరువాతే. పదహారేళ్ళున్నాను. రైళ్ళ వేళలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఊరి గురించి అడిగితే మాత్రం తెల్లముఖమే.

అది నాన్నగారు వచ్చాక బయటపడింది.

అమ్మ పోయిన ఏడాదికి ఆయన్ని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుందామని పిలిపించాను. నాన్నగారు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా గోదావరి మధ్య డెల్టాలోనే, బొబ్బర్లంక నుంచి దిగువన కాలువ గట్ల మీద సైకిలు మీద గడిచింది. మా తాతయ్య అదే కాలువ మీద లస్కరు, అంటే కాలువ కాపలా చూసే పనివాడు. నాన్నగారి చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న డైరీ ఉంటుంది. సర్వీసులో ఉన్నప్పుడు రోజూ కాలువ నీటిమట్టం చూపే గేజి రీడింగులు రాసుకున్న అలవాటు, రిటైరై ఇన్నేళ్ళయినా పోలేదు. రాయడానికి గేజి లేకపోతే వాన రాస్తారు, వాన లేకపోతే గాలి రాస్తారు.

వచ్చిన మూడో రోజు భోజనం దగ్గర అడిగారు. "అమ్మలూ, ఈ ఊరికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?"

"కుళాయిలోంచి, నాన్నగారూ."

ఆయన నవ్వలేదు. అన్నం కలుపుకుంటూ నన్ను ఒకసారి చూశారు. చిన్నప్పుడు లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్న రోజున చూసిన చూపు.

మర్నాటి నుంచి నేను ఆఫీసుకు, ఆయన ఊరి మీదకు. మనిషిని నీళ్ళున్న చోటికి దారి అడగకుండా వెళ్ళమంటే వెళతారు. రెండో రోజుకే బేసింగ్‌స్టోక్ కాలువ పట్టుకున్నారు. వోకింగ్ నడిబొడ్డున, బజారు పక్కనే పోతుంది అది. నేను దాని వంతెన కొన్ని వేలసార్లు దాటి ఉంటాను. 1794లో పూర్తయిన కాలువ, 37 మైళ్ళు. పెట్టుబడి పెట్టినవారికి ఏనాడూ లాభం చూపించలేదు. ఇవన్నీ ఎలా తెలిశాయంటే, మా లైబ్రరీలో స్థానిక చరిత్ర అలమర ఉందట. ఉందన్న సంగతి నాకు తెలియదు. నాన్నగారిది ఆఫీసు ఇంగ్లీషు. కథలు చదవలేరు గానీ ఎస్టిమేట్లు, నివేదికలు, గజెట్‌లాంటివి ఎన్నైనా నమిలేస్తారు. రోజంతా అక్కడ కూర్చుని, నోట్స్ రాసుకుని, రాత్రి నాకు అప్పజెప్పేవారు.

అలా తెలిసిందే మా ఊరి పుట్టుక. ఇప్పుడు నేనుంటున్న వోకింగ్‌ను కన్నది రైలు. 1838లో లండను నుంచి సౌతాంప్టన్ వైపు వేస్తున్న దారి ఇక్కడిదాకా వచ్చి, ఊరికి దూరంగా పొదలు పెరిగిన బీడు మధ్యలో స్టేషను వెలిసింది. అసలు ఊరేమో మైలున్నర అవతల వే నది ఒడ్డున పాత చర్చి చుట్టూ నిద్రపోతూ ఉంది. ఇక ఆ బీడు మీద ఇళ్ళు రావడానికి కారణం చచ్చిపోయినవాళ్ళు. ఇది నాన్నగారు చెప్పినప్పుడు నేను కంచంలో చెయ్యి ఆపేశాను.

లండనులో 1840ల నాటికి శ్మశానాల్లో చోటు లేదు. కలరా వచ్చాక మరీ ఘోరం. అప్పుడు ఒక కంపెనీ పెట్టి, పార్లమెంటు అనుమతి తెచ్చుకుని, వోకింగ్ బీడు భూమి 2000 ఎకరాలకు పైగా కొన్నారు. అందులో 500 ఎకరాలు బ్రూక్‌వుడ్ శ్మశానం, 1854లో తెరిచారు. శవాల కోసం వాటర్లూ పక్కన వేరే స్టేషను, వేరే రైలు. శవపేటికకూ మూడు తరగతులు, వెంట వచ్చేవారికీ మూడు తరగతులు. శ్మశానంలోనే రెండు స్టేషన్లు, ఇంగ్లండు చర్చి వారికి ఒకటి, తక్కిన మతాల వారికి ఒకటి. 1941లో లండను స్టేషను మీద బాంబు పడేదాకా నడిచింది ఆ బండి. శ్మశానానికి అక్కరలేని భూమిని కంపెనీ ముక్కలు చేసి అమ్ముకుంది. మా వోకింగ్ బజారు, చుట్టుపక్కల వీధులు లేచింది ఆ మిగులు భూమి మీదే.

"వెంట వచ్చేవారికి రానూపోనూ టిక్కెట్టు. పేటికకు పోవడానికి మాత్రమే" అని నాన్నగారు డైరీ చూసి చదివారు. కాసేపాగి, "మీ బండి కూడా ఆ పట్టాల మీదేగా?" అన్నారు. మీది రానూపోనూ కదా, పరవాలేదు అన్నట్టు తల పంకించారు.

ఒక ఆదివారం బ్రూక్‌వుడ్‌కు తీసుకెళ్ళాను. ఒక్క స్టేషను దూరం. దేవదారు చెట్ల మధ్య పార్సీల సమాధులున్నాయి. జంషెడ్జీ టాటా, ఆయన కొడుకులు దొరాబ్జీ, రతన్ ముగ్గురూ అక్కడే. నేను ఇంటి నుంచి పదిహేను నిమిషాల దూరంలో టాటాలను పెట్టుకుని ఇన్నేళ్ళు వాళ్ళ ఉప్పు మాత్రం తిన్నాను.

హైదరాబాదు కూడా ఉంది మా ఊళ్ళో. స్టేషను నుంచి ఓరియంటల్ రోడ్డు పట్టుకుంటే షాజహాన్ మసీదు వస్తుంది. 1889లో కట్టారు, బ్రిటనులో మసీదుగానే కట్టిన మొదటి కట్టడం. లైట్నర్ అనే పండితుడు ఇక్కడ తూర్పుదేశాల భాషల కోసం విద్యాలయం నడిపేవాడు. ఆయన అడిగితే భోపాల్ బేగం డబ్బు ఇచ్చింది, అందుకే ఆమె పేరు. పక్కనే ఇమాము గారి కోసం కట్టిన ఇంటికి మన సాలార్ జంగ్ పేరు. చార్మినారు పక్క మ్యూజియం చూసిన మనకు ఆ ఇంటిపేరు కొత్త కాదు. మసీదు చిన్నది, ముద్దుగా ఉంటుంది, ఆకుపచ్చ గుమ్మటం మీద బంగారు రంగు చంద్రవంక. రైలు కిటికీలోంచి కనిపించేంత దగ్గర. నేను ఆ సమయానికి ఎప్పుడూ ఫోనులో తలదూర్చి ఉంటాను.

ఇలా రోజుకొకటి. ఈషర్ దగ్గర క్లేర్మాంట్ భవనం క్లైవ్ కట్టించుకున్నదని ఒక రాత్రి చెప్పారు. 1765లో మొగలు పాదుషా దగ్గర మన ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్న క్లైవే. కట్టడం మొదలుపెట్టి, అందులో కాపురం పెట్టకుండానే 1774లో పోయాడు. ఇప్పుడది బడి. ఇంకో రాత్రి కౌంటీ కచేరీ గొడవ. 1893లో కింగ్‌స్టన్‌లో కౌంటీ హాలు కట్టుకున్నారు. 1965లో కింగ్‌స్టన్‌ను లండను మింగేసింది. అయినా కచేరీ కదలలేదు. 2020 చివరిదాకా, అంటే 55 ఏళ్ళపాటు, సర్రేను సర్రే బయట కూర్చుని ఏలారు. ఓవల్ మైదానం కథా అంతే. సర్రే క్రికెట్ జట్టు సొంతగడ్డ 1889 నుంచీ సర్రేలో లేదు. నాన్నగారికి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. "నేను పుట్టింది తూర్పు గోదావరి జిల్లాలో. మన ఇల్లు అంగుళం కదలకుండా 2022లో కోనసీమ జిల్లాకు పోలేదూ" అన్నారు.

కానీ ఆయన మనసు పడింది వే నది మీద. పైర్‌ఫోర్డ్ దగ్గర కారు ఆపి న్యూఆర్క్ లాకు దాకా గట్టు వెంట నడిచాం ఒక శనివారం. అవతల పచ్చికలో పాత మఠం శిథిలాలు, ఒడ్డున ఆవులు. నేను అందంగా ఉందని ఫోటో తీస్తున్నాను. వెనక్కి తిరిగితే ఆయన లేరు. లాకు గోడ మీద వంగి, రాతి మీద తడి గీత చూస్తున్నారు. నీళ్ళు ఎంతవరకు లేస్తాయో చెప్పే గీత అది.

"మన లాకులే" అన్నారు. గొంతు కొంచెం వేరుగా ఉంది.

తెలియనివారికి చెప్పాలంటే, లాకు అంటే నీళ్ళకు మెట్టు. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట రెండు వైపులా జంట తలుపులతో గది కడతారు. పడవ గదిలోకి వస్తుంది, తలుపులు మూస్తారు, తూములు ఎత్తి నీళ్ళు నింపుతారు లేదా వదులుతారు. పడవ నీళ్ళతోపాటు లేస్తుంది, దిగుతుంది. కోనసీమలో పెరిగిన నా ఈడువాళ్ళకు లాకులంటే ఈత కొట్టే చోటు, బస్సు ఆగే చోటు. పడవలు పోవడం మేము చూడలేదు. నాన్నగారు చూశారు. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. ఇక్కడ వే నది మీద ఆ పని గుర్రాలు చేసేవి.

అప్పుడే దిగువ నుంచి ఒక అద్దె పడవ వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు, ముగ్గురు పిల్లలు, ఒక కుక్క. ఒకామె ఒడ్డుకు దూకి ఎగువ తలుపు దూలాన్ని రెండు చేతులతో తోస్తోంది. లాకు తలుపుకు పైన పొడవాటి చెక్క దూలం ఉంటుంది, దాన్ని నెడితే తలుపు తిరుగుతుంది. అది కదలడం లేదు. ఆమె ముఖం ఎర్రబడింది. కుక్క మొరుగుతోంది. నాన్నగారు చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూశారు. తరువాత ఇక ఆగలేకపోయారు.

"మేడమ్. వెయిట్. లెవెల్" అన్నారు.

ఆమె అర్థం కానట్టు చూసింది. ఆయన వేలితో నీళ్ళు చూపించారు. గదిలో నీళ్ళు ఎగువ నీటికి ఇంకా జానెడు తక్కువగా ఉన్నాయి. ఆ జానెడు తేడా ఉన్నంతసేపు ఏనుగు తోసినా తలుపు రాదు, ఎగువ నీటి బరువంతా దాని మీదే ఉంటుంది. తూము సగమే ఎత్తారని చూపించి, ఇనుప పిడి ఆమె చేతికే ఇచ్చి తిప్పించారు. నీళ్ళు బుసబుసమంటూ నిండాయి. నాన్నగారు నీళ్ళనే చూస్తున్నారు. సుడులు చిన్నవయ్యాయి. ఆ మీద ఒక ఆకు తిరగడం మానేసి నిలబడింది. "నౌ" అన్నారు. దూలానికి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి, మెల్లగా వెనక్కి నడిచారు. డెబ్బై మూడేళ్ళ మనిషి, మొన్ననే నేను కొనిపెట్టిన బూట్లతో. అంత పెద్ద తలుపూ వెన్నలో కత్తిలా కదిలింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆయన నాలుగు పడవలు దాటించారు. నేను గట్టు మీద కూర్చుని పులిహోర మొత్తం ఒక్కదాన్నే తిన్నాను.

ఈ కాలువ కథ కూడా లైబ్రరీ నుంచే వచ్చింది. సర్ రిచర్డ్ వెస్టన్ అనే పెద్ద రైతు, గిల్డ్‌ఫర్డ్ దగ్గర సటన్ ప్లేస్ ఆయనది. నెదర్లాండ్స్ వైపు వెళ్ళి అక్కడి కాలువలు, లాకులు, పంటల మార్పిడి చూసి వచ్చాడు. తన పచ్చికబయళ్ళకు నీళ్ళు పారించాడు. వే నదిని పడవలకు పనికివచ్చేలా చేయాలని 1651లో పార్లమెంటు చట్టం తెచ్చుకున్నాడు. తల నరికించుకున్న రాజు చార్లెస్ గారి ఓట్‌లాండ్స్ భవనాన్ని అప్పుడే పడగొట్టి అమ్ముతుంటే, ఆ ఇటుకలు తెచ్చి లాకులు కట్టారు. 1653లో గిల్డ్‌ఫర్డ్ నుంచి థేమ్స్ దాకా దారి తెరుచుకుంది. వెస్టన్ మాత్రం ముందటి ఏడాదే పోయాడు. నాన్నగారికి అది బాధ కలిగించింది. "తూములు ఎత్తిన రోజు చూడాలి మనిషి" అని రెండు మూడు సార్లు అన్నారు.

ఇంకో పది రోజులకు, ఒక గురువారం, బండి ఆలస్యమై నేను ఎనిమిది దాటాక ఇల్లు చేరాను. నాన్నగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చలిలో, కోటు లేకుండా. నా గుండె జారింది.

"అమ్మలూ, దొర ఇక్కడే ఉన్నాడు."

"ఏ దొర?"

"మన దొర."

గోదావరి వాళ్ళకు ఒక్కడే దొర. మిగతా తెల్లవాళ్ళందరికీ పేర్లుంటాయి. మా వైపు కూడళ్ళలో గుర్రం మీద కూర్చుని కనిపించే ఆర్థర్ కాటన్. పుష్కరాల్లో ఆయన పేరు చెప్పి పిండం పెట్టినవాళ్ళను నేనే చూశాను. సంకల్పంలో ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం కూడా ఉంది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందు అదే గోదావరి పక్కన పెట్టుకుని జనం కరువుతో పోయారు. ఇప్పుడు ఆ నీళ్ళ కింద 10 లక్షల ఎకరాలు. ఇదంతా మాకు ఉగ్గుపాలతో పోసినదే. అయితే మనిషి ఇండియా వదిలాక ఏమయ్యాడన్నది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వదిలింది 1860లో. చివరికి స్థిరపడింది సర్రేలో డార్కింగ్ అనే ఊళ్ళో, టవర్ హిల్ మీద. 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో పోయింది అక్కడే. సమాధి డార్కింగ్ శ్మశానంలో. మా ఇంటికి రెండు రైళ్ళు.

ఆ రాత్రి నాన్నగారు పడుకున్నట్టు లేరు. తెల్లవారి వంటింట్లో బియ్యం సంచి దించి, కళ్ళజోడు పెట్టుకుని నాలుగు వైపులా చదువుతున్నారు.

"ఏం వెతుకుతున్నారు?"

"ఏ జిల్లా బియ్యమో రాయలేదు."

ఇండియా అని మాత్రం ఉంది. ఉస్సూరన్నారు. అయినా రెండు గుప్పిళ్ళు చేతిరుమాలులో మూటకట్టుకున్నారు.

శనివారం బయలుదేరాం. గిల్డ్‌ఫర్డ్‌లో మారాలి. అక్కడి నుంచి డీజిలు బండి, కరెంటు రైళ్ళలా దూసుకుపోకుండా గుర్రు పెడుతూ నడుస్తుంది. ఎడమ పక్క సుద్ద కొండలు, కుడి పక్క అడవి. ఇంగ్లండులో చెట్లు ఎక్కువున్న కౌంటీ ఇదేనంటే రోజూ వాటర్లూ దారిలో వెళ్ళే నేను నమ్మేదాన్ని కాదు. ఈ బండెక్కితే నమ్మక తప్పదు. మధ్యలో చిల్‌వర్త్ అనే చిన్న స్టేషను వచ్చింది. నాన్నగారు డైరీ తీశారు. 1626లో ఈస్టిండియా కంపెనీ తుపాకిమందు మిల్లులు పెట్టింది ఇక్కడే, టిల్లింగ్‌బోర్న్ అనే పిల్ల యేటి మీద. కంపెనీ కొద్ది ఏళ్ళకే తప్పుకున్నా మందు నూరడం మాత్రం 1920 దాకా ఆగలేదు. పీపాలు వే కాలువ మీద పడవల్లో లండను చేరేవి. అదే లోయలో నోట్ల కాగితం కూడా తయారుచేశారు. ఫార్నమ్‌లో పుట్టిన కాబెట్ అనే పత్రికా రచయిత ఇంత చక్కటి లోయలో తుపాకిమందు, నోట్లు రెండూ పుట్టడం ఏమి ఖర్మ అని దుమ్మెత్తిపోశాడట.

"కంపెనీ మందు ఇక్కడ నూరింది, కంపెనీ ఇంజనీరు ఇక్కడ పోయాడు" అన్నాను. కొంచెం పొడవాలనే అన్నాను. ఎందుకంటే ఆ దొర భక్తి నాకు ఎప్పుడూ పూర్తిగా మింగుడుపడదు. కంపెనీ ఆనకట్ట కట్టింది జాలితో కాదు, శిస్తు కోసం. కాటన్ చదివిన ఆడిస్‌కూంబ్ సైనిక పాఠశాల కూడా కంపెనీదే. అదీ అప్పటి సర్రేలోనే, క్రోయిడన్ దగ్గర. పదిహేనేళ్ళ పిల్లవాడిగా చేరి, పదహారుకే మద్రాసు ఇంజనీర్లలోకి వచ్చాడు. 1861లో బడి మూసేసి భవనం పడగొట్టారు. ఆ చోట వేసిన వీధులకు మాత్రం హావ్‌లాక్, అవుట్రామ్, కానింగ్ అని పేర్లు పెట్టుకున్నారు. అందరూ 1857లో మనల్ని అణచినవాళ్ళే.

నాన్నగారు కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "శిస్తు కోసమే. నిజం. కానీ నేల వాలు కొలిచే లెవెల్సు తప్పు తీసి ఉంటే వాళ్ళకు శిస్తూ రాదు, మీ ముత్తాతా బతకడు. ఆయన తప్పు తీయలేదు. నేను ఆ కాలువ మీద ముప్పై నాలుగేళ్ళు నడిచాను. నాకు తెలుసు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ తరువాత ఆయనే ఇంకో మాట చెప్పారు. ఇది నాకు భలే నచ్చింది. కాటన్ జీవితమంతా రైలుతో తగవు పెట్టుకున్న మనిషి. ఇండియాకు రైలు దండగ, కాలువ తవ్వితే పొలానికి నీళ్ళూ పారతాయి, సరుకూ చవగ్గా పోతుంది అని వాదించాడు. 1878లో పార్లమెంటు కమిటీ కూర్చోబెట్టి ప్రశ్నలతో పొడిచినా మాట మార్చలేదు. అసలు తమాషా ఎక్కడంటే, ఆయన పుట్టిన 1803లోనే వాండ్స్‌వర్త్ నుంచి క్రోయిడన్ దాకా సర్రే ఐరన్ రైల్వే మొదలైంది. ఎవరైనా సుంకం కట్టి తమ బండ్లను గుర్రాలతో లాగించుకోవచ్చు. జనం వాడుకోవడానికి వేసిన మొదటి ఇనుప దారుల్లో అది ఒకటి. అక్కడ ముందు అనుకున్నది కాలువే. వాండిల్ నది నీళ్ళు కాలువకు తీస్తే మిల్లులకు చాలవని లెక్క తేలి, పట్టాలు వేశారు. "నీళ్ళు చాలక వేసిన రైలు" అని నాన్నగారు మహా సంతోషపడ్డారు.

డార్కింగ్ డీప్‌డీన్‌లో దిగాం. ఎనిమిది మైళ్ళ మొక్కుబడి నడక నడిచేవాడిలా ఆయన ముందు, నేను వెనక. రైగేట్ రోడ్డు పట్టుకుని కాస్త దూరం వెళితే శ్మశానం. వాలుగా ఉన్న నేల, పెద్ద చెట్లు, చెకుముకి రాళ్ళతో కట్టిన ప్రార్థన గదులు. ఎదురుగా బాక్స్ హిల్. జార్జ్ మెరిడిత్ అనే నవలాకారుడూ ఇక్కడే ఉన్నాడు. గడ్డి కోస్తున్న మనిషిని అడిగితే, పేరు సగం చెప్పేసరికే చెయ్యి చాపి దారి చూపించాడు. "ఇండియా వాళ్ళు అప్పుడప్పుడు వస్తారు" అన్నాడు.

నాన్నగారు బూట్లు విప్పారు. తడి గడ్డి మీద మేజోళ్ళతో వద్దన్నాను. మేజోళ్ళూ విప్పారు.

రాతి మీద పేరును వేలితో ఒక్కో అక్షరం తడిమారు. రుమాలు విప్పి బియ్యం చల్లారు. అక్షింతలు వేసినట్టు కాదు, నారుమడిలో విత్తనం చల్లినట్టు, మణికట్టు తిప్పి. ఏ మంత్రమూ చదవలేదు. నేను ఏదో జరుగుతుందని నిలబడ్డాను. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, నేల వాలు చూశారు.

"ఇక్కడ నీళ్ళు నిలవవు. మంచి చోటు" అన్నారు.

తరువాత టవర్ హిల్ ఎక్కాం. కాటన్ తొంభై ఏళ్ళ దగ్గర పడ్డాక కూడా ఇంటి తోటలో నేలను లోతుగా దున్ని గోధుమ ఎక్కువ పండించే పద్ధతులు పరీక్షిస్తూ ఉండేవాడట. ఆ తోట చూడాలని నాన్నగారి పట్టు. వీధి నిండా పొడవాటి కంచెలు, వాటి వెనక ఇళ్ళు, ఇళ్ళ ముందు కార్లు. ఏ ఇంటి వెనక గోధుమ పండిందో ఎవరిని అడుగుతాం? శనివారం మధ్యాహ్నం, రోడ్డు మీద మనిషి లేడు. ఒక గేటు దగ్గర ఆయన వంగి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూశారు. పోలీసులను పిలుస్తారేమోనని నాకు భయం. "ఇసుక పాలు ఎక్కువ. లోతుగా దున్నడం సరైనదే" అని చెయ్యి దులుపుకున్నారు.

తిరుగు బండిలో నిద్రపోయారు. చిల్‌వర్త్ వచ్చినా లేవలేదు. జేబులోంచి డైరీ జారబోతుంటే తీసి పట్టుకున్నాను. చదవకూడదు గానీ చదివాను. వచ్చిన రోజు నుంచి ఒక్క రోజూ వదలలేదు. న్యూఆర్క్ లాకు, నీరు నిండుగా, తూము ఒకటి బిగుసుకుంది. వాల్షమ్ గేట్లు, తెరిచే ఉన్నాయి, వరదకే మూస్తారు. బేసింగ్‌స్టోక్ కాలువ, నాచు, మనవాళ్ళయితే తీయించేవారు. ఒక పేజీలో నా బండి వేళలన్నీ రాసుకున్నారు. ఏ రోజు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరానో పక్కన ఎర్ర సిరాతో, గేజి రాసినట్టు, ప్లస్ ఏడు, ప్లస్ పన్నెండు, ప్లస్ నలభై. గురువారం పక్కన గీత గీశారు.

ఆ రోజుటి పేజీలో మూడే ముక్కలు ఉన్నాయి.

డార్కింగ్. వాన లేదు. దొర క్షేమం.